వెన్నునీరు చూడకుండా మూఢనమ్మకం అనకండి

తండా పిల్లో, పెంట పిల్లో జ్వరంతో చనిపోతే మర్నాడు జిల్లా పేజీలో వార్త ఎట్లా వస్తుందో మనకు కొత్త కాదు. సకాలంలో ఆసుపత్రికి తేలేదు, నాటువైద్యాన్ని నమ్ముకున్నారు, అవగాహన లేదు. ఈ మూడింటిలో ఒకటి తప్పకుండా ఉంటుంది. అది ఏం జ్వరమో ఉండదు. ఎన్ని దవాఖానలు తిరిగారో ఉండదు. ఏ దవాఖానలో ఏ పరీక్ష చేశారో, ఏది చేయకుండా పంపించారో అసలే ఉండదు. తెగ పేరు, పెంట పేరు, తల్లి ఏడుస్తున్న ఫొటో మాత్రం ఉంటాయి.

ఆ మూడు మాటల మీదనే నా పేచీ. మెదడుకు, వెన్నుకు, నరాలకు పట్టే సూక్ష్మక్రిముల జబ్బులను తీసుకుని ఈ పేచీ పెడుతున్నాను. ఎందుకంటే మన పిల్లల విషయంలో తప్పు ఎవరిదో ఇంత తేటగా చూపించే జబ్బులు ఇంకొకటి లేవు. ఇవి కంటికి కనిపించే జబ్బులు కావు. తల్లి ప్రేమతోనో చదువుతోనో కనిపెట్టలేరు. సూదితో నీళ్లు తీసి చూస్తేనే తేలతాయి. ఆ సూది ఎవరి చేతిలో ఉంది? మా చేతిలో లేదు కదా.

ముందు జబ్బు సంగతి. మెదడునూ వెన్నుపామునూ మూడు పొరలు చుట్టి ఉంటాయి. ఆ పొరల నడుమ నీళ్లలాంటి తేట ద్రవం తిరుగుతుంటుంది. దాన్నే వెన్నునీరు అంటున్నాం. క్రిమి ఆ నీటిలోకి చేరితే పొరలు వాస్తాయి. డాక్టర్లు మెనింజైటిస్ అంటారు. పేపర్లు అన్నిటికీ కలిపి మెదడువాపు అని రాస్తాయి. దోమ వల్ల వచ్చే వైరస్ జ్వరానికీ అదే పేరు, టీబీ మెదడుకు పాకినా అదే పేరు. మందు వేరు, పరీక్ష వేరు, దొరికే వ్యవధి వేరు అయినప్పుడు పేరు ఒక్కటే పెట్టడం కూడా ఒక నిర్లక్ష్యమే.

ఇందులో రెండు రకాలను మనం గుర్తుపెట్టుకోవాలి. ఒకటి చీముది. న్యూమోకాకస్, మెనింగోకాకస్, హిమోఫిలస్ అనే క్రిముల వల్ల వస్తుంది. పొద్దున ఆడుకున్న పిల్ల సాయంత్రానికి ఒళ్లు కాలిపోయి, మెడ బిగుసుకుని, మరునాటికి తెలివి తప్పుతుంది. దీనికి గంటల లెక్క. రెండోది టీబీది. ఇది నక్కినక్కి వస్తుంది. మొదట కాస్త జ్వరం, అన్నం వద్దనడం, ఊరికే చిరాకు పడటం, ఆటకు పోకపోవడం. తర్వాత తలనొప్పి, వాంతులు. ఒకటి రెండు వారాలు ఇట్లానే గడుస్తాయి. అప్పుడు మత్తు, మెల్లకన్ను, ఫిట్స్, ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోవడం. చివరికి పలకరిస్తే పలకదు. మందు పడకపోతే దాదాపు ఎవరూ బతకరు. ఆలస్యంగా పడితే బతికినా చెవుడో, గుడ్డితనమో, పక్షవాతమో మిగులుతుంది. మొదటి వారాల్లోనే మందు మొదలైన పిల్ల మాత్రం మళ్లీ బడికి పోగలదు. అంటే ఈ జబ్బులో ప్రాణం ధర వారాల్లో ఉంది.

ఆ వారాలు ఎక్కడ పోతున్నాయి?

మా వాళ్లను నిందించేవాళ్లు అనుకున్నట్టు భగత్ ఇంటి ముందు కాదు. నేను తండాలో పుట్టిన లంబాడీని, భగత్ సంగతి నాకు తెలుసు. అతను ఒక రాత్రి తీసుకుంటాడు, ఒక కోడి తీసుకుంటాడు. అంత్రం కట్టి పంపిస్తాడు. తర్వాతి ఇరవై రోజులు తీసుకునేది వేరేవాళ్లు. మొదటివాడు ఊళ్లో ఆర్‌ఎంపీ. సాయంత్రం సైకిల్ మోటారు మీద వచ్చి ఒక సూది వేసి, ఒక గ్లూకోజు ఎక్కించి పోతాడు. ఆ సూదిలో చాలాసార్లు డెక్సా ఉంటుంది. డెక్సా పడ్డ పిల్ల రెండు రోజులు లేచి తిరుగుతుంది, జ్వరం తగ్గుతుంది, తల్లి దండం పెడుతుంది. లోపల క్రిమి తన పని తాను చేసుకుపోతుంది. చిత్రం ఏమిటంటే ఇదే డెక్సా టీబీ మెదడు జ్వరంలో ప్రాణం కాపాడే మందు కూడా. వియత్నాంలో 545 మంది రోగుల మీద చేసి 2004లో ప్రకటించిన పరిశోధన, టీబీ మందులతో పాటు డెక్సా ఇస్తే చావులు తగ్గుతాయని చూపించింది. టీబీ మందులతో పాటు అన్న మాటలోనే అంతా ఉంది. ఒంటరిగా వేస్తే అది జబ్బును దాచే ముసుగు. అలాగే ఆఫ్లాక్సాసిన్ జాతి మందులు వేస్తే టీబీ క్రిమి కొన్నాళ్లు అణిగి, పరీక్షకు దొరకకుండా పోతుంది.

ఆర్‌ఎంపీని తిట్టి ఊరుకుంటే సరిపోదు. పెంటకు రాత్రిపూట వచ్చే మనిషి అతనొక్కడే అయితే ఆ తప్పు అతనిది ఒక్కడిదే కాదు. తర్వాత ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. అక్కడ మలేరియా కిట్టు, టైఫాయిడ్ పరీక్ష ఉంటాయి. టైఫాయిడ్ కోసం చేసే విడాల్ పరీక్ష ఎంత నమ్మదగనిదో డాక్టర్లకే బాగా తెలుసు, అయినా కాస్త గీత కనిపిస్తే టైఫాయిడ్ అని వారం మందులు. అడవిలో జ్వరం, ఫిట్స్ అంటే మలేరియా మెదడుకు ఎక్కిందంటారు. అది నిజం కావచ్చు కూడా. కానీ మలేరియా కిట్టు నెగెటివ్ వచ్చినప్పుడు తర్వాతి ప్రశ్న వేయాలి కదా. ఆ ప్రశ్న వేయకుండా చీటీ మీద పెద్ద దవాఖాన పేరు రాస్తారు. పెద్ద దవాఖాన ఇంకా పెద్ద దవాఖాన పేరు రాస్తుంది. ఇట్లా అచ్చంపేట నుంచి నాగర్‌కర్నూల్, అక్కడి నుంచి మహబూబ్‌నగర్, అక్కడి నుంచి నిలోఫర్. నిలోఫర్‌కు చేరేసరికి పిల్ల మూడో దశలో ఉంటుంది. అక్కడి డ్యూటీ డాక్టర్ అంటాడు, ఇన్నాళ్లు ఏం చేశారమ్మా అని. ఏం చేశారు? మీ చీటీలు పట్టుకుని తిరిగారు.

ఇప్పుడు వెన్నునీటి పరీక్ష గురించి. ఇది కొత్తగా వచ్చిన యంత్రం కాదు. హైన్రిచ్ క్వింకే అనే జర్మన్ డాక్టర్ 1891లోనే వెన్నులోంచి నీళ్లు తీసే పద్ధతి చెప్పాడు. రాబర్ట్ కోఖ్ టీబీ క్రిమిని కనుగొన్నానని 1882 మార్చి 24న ప్రకటించాడు. అంటే సూదీ, క్రిమీ రెండూ ప్రపంచానికి తెలిసి నూట ముప్పై ఏళ్లు దాటింది. పిల్లను పక్కకు పడుకోబెట్టి, మోకాళ్లు కడుపులోకి ముడిపించి, నడుము కింది భాగంలో రెండు ఎముకల సందులోంచి సన్నని సూది పంపిస్తారు. కొన్ని చుక్కలు సీసాలో పడతాయి. అయిపోయింది. వెన్నులో సూది వేస్తే కాళ్లు పడిపోతాయని మన దగ్గర గట్టి భయం ఉంది. ఆ భయం మూఢనమ్మకం కాదు, ఎవరూ వివరించని విషయం మీద మనిషికి ఉండే సహజమైన జంకు. వెన్నుపాము నడుము పై భాగంలోనే ముగుస్తుంది. సూది దిగేది దాని కింద, నీళ్లూ నరాల పోగులూ మాత్రమే ఉన్న చోట. అందుకే పాముకు తగలదు. ఈ నాలుగు మాటలు నేల మీద గీత గీసి చెప్తే పెంటలో ముసలామెకు కూడా అర్థమవుతాయి. చెప్పకుండా సంతకం పెట్టు అంటే ఎవరు పెడతారు? పెట్టకపోతే కేసు కాగితం మీద ‘బంధువులు నిరాకరించారు’ అని రాసుకుంటారు. ఆ ఒక్క వాక్యం ఎన్ని దవాఖానలను కాపాడిందో!

తల లోపల ఒత్తిడి బాగా పెరిగిందని, ఒక పక్క పడిపోయిందని అనుమానం ఉంటే ముందు సీటీ తీయించి గాని సూది పెట్టకూడదు. ఇది నిజమైన జాగ్రత్తే. కానీ ప్రతి పిల్లకూ దీన్నే సాకు చేసి పంపించేయడం జాగ్రత్త కాదు.

తీసిన నీళ్లు ఏం చెప్తాయి? ముందు కంటికే కొంత తెలుస్తుంది. మామూలుగా అది తాగే నీళ్లంత తేటగా ఉండాలి. చీము జబ్బులో బియ్యం కడిగిన నీళ్లలా మసకబారుతుంది. టీబీలో తరచు తేటగానే ఉంటుంది, కాసేపు కదల్చకుండా పెడితే కొన్నిసార్లు సాలెగూడు లాంటి తెర కడుతుంది. తర్వాత కణాలు లెక్కపెడతారు. చీము జబ్బులో న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు గుంపులుగా ఉంటాయి, టీబీలో ఎక్కువగా లింఫోసైట్లు. చక్కెర చూస్తారు. రెండు జబ్బుల్లోనూ తగ్గుతుంది, అయితే అదే సమయంలో రక్తంలో చక్కెర ఎంత ఉందో తెలియకుండా ఆ అంకెకు అర్థం లేదు. మంచి మనిషికి వెన్నునీటి చక్కెర రక్తంలో ఉన్నదాంట్లో మూడింట రెండు వంతులు ఉంటుంది. మాంసకృత్తులు చూస్తారు. మామూలుగా డెసీలీటరుకు 45 మిల్లీగ్రాములు దాటవు, టీబీలో వందలు దాటతాయి. ఇవన్నీ మైక్రోస్కోపు, చిన్న రసాయన పరీక్షలతో అయ్యే పనులు. ఒక గంట పని.

ఆ తర్వాత క్రిమిని వెతకాలి. మైక్రోస్కోపు కింద టీబీ క్రిమి ఈ నీళ్లలో అరుదుగా దొరుకుతుంది, ఎందుకంటే ఊపిరితిత్తుల తెమడలో ఉన్నట్టు ఇక్కడ గుంపులుగా ఉండదు. పెంచి చూడాలంటే వారాలు పడుతుంది, అంతదాకా పిల్ల ఆగదు. అందుకే క్రిమి జన్యువును పట్టే పరీక్ష వచ్చింది. మన దగ్గర సీబీనాట్ అంటారు. వెన్నునీటికి మొదట ఇదే చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే చెప్పింది. రెండు గంటల్లో ఫలితం వస్తుంది, రిఫాంపిసిన్ మందు పనిచేస్తుందో లేదో కూడా చెప్తుంది. అయితే ఒక మెలిక ఉంది. పాజిటివ్ వస్తే టీబీ ఉన్నట్టే, నెగెటివ్ వస్తే లేదని కాదు. నీళ్లు తక్కువ తీసినా, క్రిములు తక్కువున్నా తప్పిపోతుంది. అందుకే మంచి డాక్టర్ కణాలనూ చక్కెరనూ లక్షణాలనూ కలిపి చూసి, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా అని అడిగి, అనుమానం బలంగా ఉంటే కాగితం కోసం ఆగకుండా మందు మొదలుపెడతాడు. ఇంట్లో దగ్గేవాళ్లెవరు అనే ఆ ఒక్క ప్రశ్న తల్లి భాషలో అడగాలి. గోర్ బోలి మాత్రమే వచ్చిన అమ్మమ్మ పిల్లను తెచ్చినప్పుడు ఎవరు అడుగుతున్నారు?

చీము జబ్బులో ఇంకో తప్పు జరుగుతోంది. యాంటీబయాటిక్ వేస్తే పరీక్ష చెడిపోతుందని ఆపి, పిల్లను అట్లాగే వంద కిలోమీటర్లు పంపించడం. ముందు నీళ్లు తీసి తర్వాత మందు వేయడం ఉత్తమం, అది కుదరకపోతే మందు ఆపకూడదు. మొదటి మోతాదు వేసి పంపినా కణాలు, చక్కెర కొంతకాలం సాక్ష్యం చెప్తూనే ఉంటాయి. మన్ననూరులోనో, పదరలోనో, లింగాలలోనో పడాల్సిన మొదటి సెఫ్ట్రియాక్సోన్ సూది హైదరాబాదులో ఎందుకు పడాలి?

సౌకర్యాలు లేవు అనే మాట పదేళ్ల కింద అయితే ఒప్పుకునేవాణ్ణి. ఇప్పుడు ఒప్పుకోను. 2016 అక్టోబర్ 11న పాలమూరును చీల్చి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు చేశారు. నాగర్‌కర్నూల్‌కూ వనపర్తికీ 2022లో సర్కారు వైద్య కళాశాలలు వచ్చాయి. గద్వాలకు 2024లో వచ్చింది. వైద్య కళాశాల అంటే పిల్లల వైద్య విభాగం ఉండాలి, మైక్రోబయాలజీ ఉండాలి, బయోకెమిస్ట్రీ ఉండాలి. వెన్నులో నీళ్లు తీయడం ఎంబీబీఎస్ చదివే పిల్లలు చూసి నేర్చుకోవాల్సిన పని. మరి ఈ మూడు చోట్లా రాత్రి రెండింటికి వచ్చిన చెంచు పిల్లకు నీళ్లు తీసి, ఒక గంటలో కణాలు లెక్కపెట్టి చెప్పగలరా? భవనం ప్రారంభించినప్పుడు ఈ ప్రశ్నకు జవాబు శిలాఫలకం మీద రాయరు. ఈ పని దూరం పంపిస్తే కాదని కూడా తెలుసుకోవాలి. తీసిన నీళ్లలో కణాలు గంటా రెండు గంటల్లోనే కరగడం మొదలవుతాయి. జన్యు పరీక్షకు సీసాను చల్లటి డబ్బాలో పంపించవచ్చు గాని, కణాల లెక్క అక్కడికక్కడే జరగాలి. కాబట్టి నమూనాలన్నీ పట్నం పంపుతున్నాం అనే జవాబు జవాబు కాదు.

ఇక దూరం సంగతి. సర్కారు లెక్క తలల మీద నడుస్తుంది. మైదానంలో 5,000 మందికి, గిరిజన ప్రాంతంలో 3,000 మందికి ఒక ఉపకేంద్రం. మైదానంలో 30,000 మందికి, గిరిజన ప్రాంతంలో 20,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. మనకు దయతలచినట్టు కనిపిస్తుంది. కానీ నల్లమలలో 3,000 తలలు పోగవ్వాలంటే ఎన్ని పెంటలు కలపాలి? 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి రాష్ట్రం మొత్తంలో చెంచులు 64,227 మంది. అప్పాపూర్, భౌరాపూర్, మేడిమల్కల లాంటి పెంటల్లో పది ఇళ్లు ఒక చోట, ఇరవై ఇళ్లు ఒక చోట. తలలు లెక్కపెట్టేవాడికి ఆ చోటు ఖాళీగానే కనిపిస్తుంది. మాకు కావాల్సింది తలల లెక్క కాదు, గంటల లెక్క. జ్వరం వచ్చిన పిల్ల సూది దగ్గరికి ఎన్ని గంటల్లో చేరుతుంది అనేదే కొలత కావాలి. శ్రీశైలం రోడ్డు మీద పులుల అభయారణ్యంలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు రాకపోకలు నిలిపేస్తారు. పులికి నిద్ర కావాలి, కాదనను. అంబులెన్సుకు అడ్డు లేదంటారు, అదీ సరే. ఆ అంబులెన్సు పెంట దాకా రాని రాత్రి, గేటు దాకా పిల్లను మోసేది ఎవరు?

వనపర్తి, గద్వాల తండాల బాధ ఇంకో రకం. షెడ్యూల్డ్ ప్రాంతం అనే గీత అమ్రాబాద్ వైపు ఊళ్లకే ఉంది. నడిగడ్డలో ఉన్న కొద్దిమంది గిరిజనులకు ఆ గీతా లేదు, ఐటీడీఏ గొడుగూ లేదు. గద్వాల, అలంపూర్ వైపు వాళ్లకు హైదరాబాదు కన్నా తుంగభద్ర దాటితే కర్నూలు పెద్దాసుపత్రి దగ్గర. తాతల కాలం నుంచి అక్కడికే పోతున్నారు. ఇప్పుడు అది వేరే రాష్ట్రం. రోగి అటు, రికార్డు అటు, టీబీ మందుల పేరు నమోదు ఎటు? రెండు రాష్ట్రాల టీబీ కార్యాలయాలు మాట్లాడుకుంటే తీరే సమస్య ఇది, మాట్లాడుకోకపోతే నెల మందు వాడి మానేసిన పిల్ల మిగులుతుంది. ఈ జబ్బుకు మందు ఏడాది వాడాలి.

పిల్లకు ఈ క్రిమి ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పుకోవాలి. పిల్ల పుట్టించుకోలేదు. ఇంట్లో దగ్గే పెద్ద మనిషి నుంచి వచ్చింది. పాలమూరు లేబర్ అనే పేరు ఊరికే రాలేదు. మా తండాల వాళ్లు ముంబైకి, పుణెకు, హైదరాబాదుకు పోయి దుమ్ములో, ఇరుకు రేకుల షెడ్లలో పడుకుని, దగ్గుతో దసరాకు ఇంటికి వస్తారు. వచ్చాక తండ్రికి తెమడ పరీక్ష చేసి టీబీ అని మందులిస్తారు. ఆ ఇంట్లో అయిదేళ్ల లోపు పిల్లలకు జబ్బు లేకపోయినా రాకుండా మందు ఇవ్వాలనేది టీబీ కార్యక్రమంలో ఎప్పటి నుంచో ఉన్న నియమం. 2021 నుంచి ఇంట్లో అందరికీ అన్నారు. తండ్రి మందుల డబ్బా ఇచ్చిన రోజే పిల్ల సంగతి అడిగితే, రెండేళ్ల తర్వాత నిలోఫర్ ప్రయాణం ఉండకపోవచ్చు. బీసీజీ టీకా కూడా పెద్దల ఊపిరితిత్తుల టీబీని ఆపదు గాని, పసిపిల్లల్లో మెదడుకు పాకే టీబీని చాలా మేరకు ఆపుతుంది. ఈ టీకా దేశంలో మొదట వేసింది మన తెలుగు నేల మీదే, 1948లో మదనపల్లెలో. డెబ్బై అయిదేళ్లు దాటాక కూడా పెంటలో పుట్టిన పిల్ల భుజం మీద ఆ మచ్చ ఉందో లేదో చూసుకోవాల్సి వస్తోంది. చూసుకోండి.

నువ్వు లంబాడీవి, చెంచుల తరఫున ఎందుకు మాట్లాడతావు అని అడిగేవాళ్లుంటారు. ఉద్యోగాల దగ్గర, సీట్ల దగ్గర మనలో మనకు పంచాయతీ ఉంది, అది దాస్తే పోయేది కాదు. పంచాయతీ ఉన్నంత మాత్రాన పక్క తెగ పిల్ల వెన్నునీరు మన సంగతి కాకుండా పోదు.

మన రచయితల్లో కొందరితో కూడా నాకు తగాదా ఉంది. ఆకు, వేరు, అడవి మందు అంటూ రాసే వ్యాసాలు ఈ మధ్య ఎక్కువయ్యాయి. తేలు కుట్టినప్పుడు, పుండు పడినప్పుడు పెద్దవాళ్ల తెలివి నాకు తెలుసు, గౌరవం ఉంది. కానీ వెన్నునీటిలోకి చేరిన టీబీ క్రిమిని చంపే వేరు నల్లమలలో లేదు, హిమాలయంలోనూ లేదు. 1940లలో స్ట్రెప్టోమైసిన్ వచ్చేదాకా లండన్ రాజు పిల్లకైనా, పెంట పిల్లకైనా ఈ జబ్బు వస్తే చావే. తెల్లవాళ్ల మందు అని ముఖం తిప్పుకునేవాడు ఆ రోజు పిల్ల పక్కన కూర్చోవాలి. మన అస్తిత్వం చాటడానికి వేరే చోట్లు చాలా ఉన్నాయి. హైమెన్‌డార్ఫ్ 1943లో చెంచుల మీద పుస్తకం వేసిన నాటి నుంచి మా పాట, మా వేట, మా పెళ్లి గురించి రాసినవాళ్లకు కొదవ లేదు. ఏ జబ్బుతో పోతున్నామో రాసిన పుస్తకం మాత్రం మనమూ వేయలేదు.

కుష్టు గురించి ఇక్కడే చెప్పాలి. చాలామంది దాన్ని తోలు జబ్బు అనుకుంటారు. అసలు అది నరాల జబ్బు. హాన్సెన్ 1873లో కనుగొన్న ఆ క్రిమి చర్మం కింది నరాల్లో కాపురం పెడుతుంది. అందుకే మచ్చ మీద స్పర్శ పోతుంది, మోచేతి దగ్గర నరం తాడులా గట్టిపడుతుంది, వేళ్లు వంకర పోతాయి. దీని పరీక్షకు వెన్ను సూది కూడా అక్కర్లేదు. పాలిపోయిన మచ్చ మీద దూదిపోగు ఆనించి, కళ్లు మూసుకున్న పిల్లను ఎక్కడ తాకానో చూపించమంటే చాలు. ఆరు నెలలో, ఏడాదో ఉచిత మందు. 2005 డిసెంబరులో దేశం కుష్టును ప్రజారోగ్య సమస్యగా నిర్మూలించింది అని లెక్క తేల్చారు. పది వేల మందికి ఒకరి కన్నా తక్కువ అని ఆ లెక్క. దేశం మొత్తం సగటు తీస్తే ఒక తండా మచ్చ కనపడదు. నిర్మూలించాం అన్నాక ఇంటింటికీ తిరిగి మచ్చ వెతికే చూపూ మందగించింది. పిల్లలో కుష్టు కనిపించిందంటే ఆ చుట్టుపక్కల మందు పడని పెద్ద మనిషి ఉన్నట్టే లెక్క. అది పిల్ల తప్పు అన్నట్టు బడి నుంచి పంపించేవాళ్లున్నారు చూడండి, వాళ్లకు ఏ అవగాహన సదస్సు పెట్టాలి?

వీళ్లకు చేతకాదు అనేవాళ్లకు ధనుర్వాతం గుర్తు చేస్తాను. బొడ్డు కోసిన చోట నుంచి క్రిమి విషం నరాలకెక్కి వారంలో పోయే పసికందులు ప్రతి తండాలో ఉండేవాళ్లు. గర్భిణులకు సూది, కాన్పు దవాఖానలో. 2015లో దేశం తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని నిర్మూలించినట్టు ధ్రువీకరించారు. ఆ సూది వేయించుకున్నది ఈ అవగాహన లేని తల్లులే. సూది వాళ్ల దాకా వచ్చింది, వేయించుకున్నారు. ఇంతే.

ఆశ్రమ పాఠశాలల, గురుకులాల టీచర్లకు రెండు మాటలు. నేనూ పాఠం చెప్పే మనిషినే కాబట్టి మొహమాటం లేకుండా చెప్తాను. హాస్టల్లో పిల్ల తలనొప్పి అని పడుకుంటే ఇంటికి పోవడానికి నాటకం అంటాం. నిజంగా నాటకమే కావచ్చు. కానీ అయిదు రోజులు దాటిన జ్వరం, తలనొప్పి, పొద్దున్నే వాంతి, చురుకైన పిల్ల మొద్దుబారడం, మాట తేడా రావడం, కన్ను మెల్లబడటం, వీటిలో రెండు కలిస్తే అది నాటకం కాదు. గడ్డం ఛాతీకి ఆనించమనండి. మెడ వంగక ఏడిస్తే ఆ గంటే బయలుదేరాలి. మెడ వంగినంత మాత్రాన ధీమా పడొద్దు, టీబీలో మెడ బిగుసుకునేది ఆలస్యంగా. తల్లిదండ్రులకు ఫోన్ చేసి తీసుకుపొమ్మనడం కాదు, మీరే దవాఖానకు తీసుకుపోండి. ఏ రోజు ఏం జరిగిందో ఒక కాగితం మీద తేదీలతో రాసి పట్టుకుపోండి. పెంట నుంచి వచ్చిన తండ్రి మాట వినని డాక్టర్ టీచర్ రాసిన కాగితం చదువుతాడు. ఇది అన్యాయం, తెలుసు, అయినా ఆ పిల్ల కోసం వాడుకోండి. అక్కడ ఒక్కటే అడగండి: వెన్నునీరు తీశారా, తీయకపోతే ఎందుకు తీయలేదో రాసి ఇవ్వండి. కాగితం మీద రాయమనగానే చాలా పనులు కదులుతాయి.

యువకులకు వేరే పని ఉంది. సమాచార హక్కు చట్టం వచ్చింది 2005లో. పది రూపాయల దరఖాస్తు, ముప్పై రోజుల గడువు. మూడు జిల్లాల పెద్దాసుపత్రులకు, వైద్య కళాశాలలకు మండలానికొకరు చొప్పున పెట్టండి. గడిచిన మూడేళ్లలో పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఎన్ని వెన్నునీటి పరీక్షలు చేశారు, నెలవారీగా. ఎన్ని నమూనాలు సీబీనాట్‌కు వెళ్లాయి, ఫలితం ఎన్ని గంటలకు వచ్చింది. జ్వరం, ఫిట్స్ అని వచ్చిన ఎందరు పిల్లల్ని పరీక్ష లేకుండా బయటికి రాసి పంపారు, వాళ్లలో ఎస్టీలు ఎందరు. బంధువులు నిరాకరించారు అని రాసిన కేసులు ఎన్ని, ఆ నిరాకరణ ఏ భాషలో తీసుకున్నారు. టీబీ రోగుల ఇళ్లలో అయిదేళ్ల లోపు పిల్లలు ఎందరు, వాళ్లలో ముందుజాగ్రత్త మందు పూర్తి చేసినవాళ్లు ఎందరు. మా వద్ద ఆ వివరాలు లేవు అని జవాబు వస్తే ఆ జవాబును భద్రంగా దాచి, మళ్లీ పేపర్లో ఆ మూడు మాటలు అచ్చయిన రోజు దాన్ని జత చేసి ఎడిటర్‌కు పంపించండి.